గోడమీది ఫెర్న్, గింజలేని సంసారం

చార్మినార్ కట్టింది 1591లో. అప్పట్నుంచి తరతరాలుగా పాతబస్తీ గోడలకూ, బావులకూ వాడింది డంగు సున్నమే. వానాకాలంలో అలాంటి గోడల పగుళ్ళలో, తూముల పక్కన, పొడుగాటి ఈకల్లాంటి ఆకులతో వేలాడే మొక్క టెరిస్ విట్టేటా అనే ఫెర్న్. సున్నమున్న చోటంటే దానికి ప్రీతి. పువ్వు లేదు, కాయ లేదు, గింజ లేదు. మరి అంత ఎత్తున దాన్ని నాటిందెవరు?

ఆకు తిరగేసి చూడండి. అంచు వెంబడి గోధుమరంగు గీత కనబడుతుంది. ముడుచుకున్న ఆ అంచు కింద సిద్ధబీజాశయాలనే బుల్లి సంచులుంటాయి. సాధారణంగా ఒక్కో సంచిలో క్షయకరణ విభజన వల్ల 64 సిద్ధబీజాలు తయారవుతాయి. సంచి చుట్టూ దళసరి కణాల పట్టీ ఒకటుంది. తడి ఆరేకొద్దీ అది వెనక్కి వంగి సంచిని చీలుస్తుంది, ఆపైన చటుక్కున ముందుకొచ్చి వడిసెలలా బీజాలను విసురుతుంది. మిగతా పని గాలిది.

సిద్ధబీజం గింజ కాదు. అందులో పిండం ఉండదు, ఉన్నది ఒకే ఒక కణం. తడిచోట పడితే మొలిచేది ఫెర్న్ కాదు, వేలిగోరు కన్నా చిన్నదైన, హృదయాకారపు పచ్చని రేకు. దాన్ని ప్రథాలస్ అంటారు. పురుష, స్త్రీ బీజకణాలు పుట్టేది దాని అడుగునే. పురుష బీజకణం పలచని నీటిపొరలో ఈదుకుంటూ వెళ్ళి స్త్రీ బీజకణాన్ని కలిస్తేనే మళ్ళీ ఫెర్న్ పుడుతుంది. అంటే బిడ్డకు తల్లి పోలిక రాదు, మనవడికి తాత పోలిక వస్తుంది! నాచుల్లోనూ, ఫెర్న్‌లలోనూ ఈ తరాల మార్పిడిని 1851లో హాఫ్‌మైస్టర్ నిరూపించాడు. నాచులో సంగతి తారుమారు: పిట్టగోడ మీది పచ్చని మఖమలు బీజకణాల తరం, దానిపై లేచే సన్నని కాడ సిద్ధబీజాల తరం.

గాలిలో ఎంత దూరం పోయినా, చివరికి ఒక్క నీటిచుక్క లేనిదే ఈ సంసారం సాగదు. బావులు పూడ్చి, గోడలు సిమెంటు చేస్తే పోయేది ఆ చుక్కే.

ఇది పనికిమాలిన మొక్కనుకునేరు! నేలలోని ఆర్సెనిక్ విషాన్ని ఈ టెరిస్ ఆకుల్లోకి లాగేసుకుంటుందని 2001లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. గోడకు చెమ్మ పడితే ఇంటాయన దాన్ని పీకక తప్పదు, నిజమే. పీకిన ఆకును పారెయ్యకుండా కాగితంలో మడిచి ఒక రాత్రి ఉంచండి. రాలిన పొడిని తడి ఇటుకపై చల్లి, గాజుమూత పెట్టి, ఇటుక ఆరకుండా చూసుకోండి. కొన్ని వారాల్లో, మనం పరీక్షల కోసం బొమ్మగీసి మరిచిపోయే ఆ పచ్చని హృదయం కళ్ళెదుటే మొలుస్తుంది.