సూర్యుని వేడిమికి గాదె

కోతలనాడు గాదెలో పోసిన ధాన్యము ఏడాది పొడవునను అక్కరకు వచ్చును. పగటి యెండనుకూడ అట్లే దాచి, చలి రాత్రులయందు వాడుకొనవచ్చునా?

నీటిని వేడిచేసి దాచవచ్చును గాని, అందులో పట్టు వేడిమి తక్కువ. పదార్థము కరగునప్పటి సంగతి వేరు. మంచుగడ్డ కరగునంతసేపు ఎంత వేడిమి నిచ్చినను ఉష్ణోగ్రత 0 డిగ్రీల వద్దనే నిలిచియుండును. ఆ వేడిమి యెక్కడికి పోయినది? కరగిన నీటిలో దాగినది. దీనినే గుప్తోష్ణ మందురు. నీరు మరల గడ్డకట్టునపుడు దాగినదంతయు వెలికి వచ్చును.

అయితే, మంచుతో ఇల్లు వెచ్చబడదు గదా! అందులకు 30 డిగ్రీల ప్రాంతమున కరగు పదార్థము కావలెను. గ్లాబరు లవణ మట్టిది. అది 32 డిగ్రీల వద్ద కరగును. ఒక కిలోగ్రాము లవణమును కరగించు వేడిమితో అంతే నీటిని సుమారు 60 డిగ్రీల మేర వేడెక్కింపవచ్చును.

1948లో అమెరికాయందలి మాసచుసెట్స్ రాష్ట్రమున, డోవరు అను ఊర, ఈ లవణముతో వెచ్చబడు ఇల్లొకటి వెలసినది. అది ముగ్గురు స్త్రీల కృషి. హంగేరీలో జన్మించిన శాస్త్రజ్ఞురాలు మరియా టెల్కెస్ ఉష్ణయంత్రాంగమును రూపొందించెను. ఎలినార్ రేమండ్ గృహనిర్మాణమునకు నమూనా గీసెను. శిల్పియగు ఎమీలియా పీబాడీ ధనమొసగెను. దక్షిణపు గోడ అద్దముల వెనుక వేడెక్కిన గాలిని పంకాలు లవణపు పీపాలయొద్దకు త్రోసెడివి. రెండు శీతకాలములు ఇల్లు వెచ్చగనే యుండెను. మూడవ శీతకాలమున ఏర్పాటు చెడినది.

కారణ మేమి? ఈ లవణపు స్ఫటికములలో నీరు ఇమిడియుండును. కరగినపుడు కొంత లవణము నీటిని వీడి అడుగున పేరుకొనును. చల్లారినను ఆ రెండును పూర్తిగ కలియవు. అదిగాక, ద్రవము 32 డిగ్రీలకు దిగువకు చల్లారినను ఒక్కొక్కప్పుడు గడ్డకట్టదు. గడ్డకట్టనిచో వేడిమి రాదు. కొంచెము వెలిగారము కలిపినచో స్ఫటికము లేర్పడునని టెల్కెస్ తరువాత కనుగొనెను. పాలకు తోడు వంటి దన్నమాట!

పారఫిన్ మైనమునకు ఈ రోగము లేదు, విడిపోదు. కాని వేడిమి దానిలో మెల్లగ ప్రాకును, కరగినచో కారిపోవును. అందుచే ఉబ్బించిన గ్రాఫైటులో మైనమును ఇంకింతురు. గ్రాఫైటు మన పెన్సిలు ముల్లులో నుండునదే. దాని సన్నని రంధ్రములు కరగిన మైనమును జారనీయవు. వేడిమిని త్వరగ లోపలికి చేర్చును. ఇట్టి కూర్పులే మిశ్రమ పదార్థములు. ఇందును ఒక చిక్కు కలదు: గ్రాఫైటు కరగదు గనుక, దాని పాలు పెరిగినకొలది మైనము తగ్గి, దాగు వేడిమియు తగ్గును. ఈ పాళ్లు కుదుర్చుటకే నేటి ప్రయోగశాలలలో విశేషముగ శ్రమించుచున్నారు.