రహస్య సంఘం రాసుకున్న పద్దులు

అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ అన్న పేరు విని సొరంగాలనూ పట్టాలనూ ఊహించుకోనక్కరలేదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల బానిసత్వం నుంచి తప్పించుకున్నవారిని ఉత్తరానికి, అవసరమైతే కెనడా దాకా, చేరవేసిన మనుషుల అల్లిక అది. ఆ దారిలో ముఖ్యమైన మజిలీ ఫిలడెల్ఫియా. అక్కడి విజిలెన్స్ కమిటీ వచ్చినవారికి బస, బట్టలు, వైద్యం, దారిఖర్చులు సమకూర్చేది. 1852లో దానిని తిరిగి నెలకొల్పినప్పుడు నిత్యవ్యవహారాల భారం విలియం స్టిల్ అనే నల్లజాతి గుమాస్తా మీద పడింది.

1850 నాటి పరారీ బానిసల చట్టం ప్రకారం ఇటువంటి సాయానికి 1,000 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు. పట్టుబడిన వ్యక్తి తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకోవడానికి వీల్లేదు. విచారణాధికారికి అతణ్ణి యజమానికి అప్పగిస్తే 10 డాలర్లు, విడిచిపెడితే 5 డాలర్లు రుసుము! అప్పగింతకు కాగితాల పని ఎక్కువన్నది ఆ తేడాకు చూపిన సాకు. ఇటువంటి రోజుల్లో ఏదీ రాయకపోవడమే వివేకం. స్టిల్ మాత్రం అన్నీ రాశాడు: పేరు, వయస్సు, యజమాని ఎవరు, వెనుక ఎవరిని వదిలివచ్చారు, కమిటీ ఎంత ఖర్చుపెట్టింది, ఇకమీదట ఏ పేరుతో బతకబోతున్నారు.

దీనికి కారణం ఆయన ఇంటికథలోనే ఉంది. 1850 ఆగస్టులో పీటర్ అనే నడివయస్కుడు, అలబామాలో డబ్బు కట్టి స్వేచ్ఛ పొంది, కన్నవారిని వెతుక్కుంటూ ఫిలడెల్ఫియా వచ్చాడు. ఆయనకు గుర్తున్నవి తల్లిదండ్రుల పేర్లు మాత్రమే: సిడ్నీ, లెవిన్. వింటున్న స్టిల్‌కు అవి తన తల్లిదండ్రుల పేర్లేనని అర్థమైంది. సిడ్నీ మేరీలాండ్ నుంచి రెండోసారి పారిపోయినప్పుడు ఆడపిల్లలిద్దరినే వెంటబెట్టుకోగలిగింది. మగపిల్లలిద్దరూ అక్కడే ఉండిపోయారు, తర్వాత దూరప్రాంతానికి అమ్ముడుపోయారు. ఆమె తన పేరును చారిటీగా మార్చుకుంది, ఇంటిపేరు స్టిల్ అయింది. విలియం ఆ తర్వాత పుట్టినవాడు. వేటగాళ్ల కంటబడకుండా మార్చుకున్న పేరే కన్నకొడుక్కీ తల్లి జాడ తెలియనివ్వలేదు. అందుకే స్టిల్ పద్దులలో పాతపేరు పక్కనే కొత్తపేరు కనిపిస్తుంది. రహస్యానికి కావలసింది చెరిపివేత, కుటుంబాలకు కావలసింది ఆనవాలు. ఆ రెండింటి మధ్య ఆయన ఎన్నుకున్నది ప్రమాదకరమైనదే.

పీటర్ భార్యాబిడ్డలు ఇంకా అలబామాలోనే ఉన్నారు. 1851లో సెత్ కాంక్లిన్ అనే శ్వేతజాతీయుడు వారిని ఇండియానా దాకా తీసుకువచ్చాడు. అక్కడ అందరూ పట్టుబడ్డారు, తిరుగుదారిలో కాంక్లిన్ ప్రాణం పోయింది. యజమాని 5,000 డాలర్లు అడిగాడు. పీటర్ ఊరూరా తిరిగి చందాలు పోగుచేసి 1854 చివరికి వారిని విడిపించుకున్నాడు.

స్టిల్ కాగితాలు కొంతకాలం లెబనాన్ శ్మశానవాటికలోని ఒక కట్టడం అటకమీద దాగి ఉన్నాయి. అంతర్యుద్ధం ముగిసి, బానిసత్వం రద్దయ్యాక, 1872లో ఆయన వాటిని పెద్ద పుస్తకంగా అచ్చువేయించి, ఏజెంట్లను పెట్టి ఊళ్లలో అమ్మించాడు. సాయం చేసిన దాతల గొప్పతనం కన్నా పారిపోయివచ్చినవారి తెగువకే అందులో ఎక్కువ చోటు దక్కింది.