నిప్పు ఆర్పి మళ్ళీ ముట్టించే ఏడు

రైల్వేవాడికి అరవై అంటే రిటైర్మెంటు. పంచాంగం చూసేవాడికి అరవై అంటే చక్రం ఒక చుట్టు తిరిగి రావడం. నాకు ఈ ఏడు రెండూ కలిసొచ్చాయి. 1966లో, పరాభవ నామ సంవత్సరం కార్తికంలో పుట్టాను. 2026 ఉగాదితో మళ్ళీ పరాభవే వచ్చింది. నవంబరు ఆఖరుకి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో నా డ్యూటీ సరి. నేను పెన్షన్ కాగితాలు నింపుతుంటే, మా ఆవిడ పక్కన కూర్చుని షష్టిపూర్తికి పిలవాల్సిన వాళ్ళ పేర్లు రాస్తోంది. "చక్రం తిరిగొచ్చింది సరే, పేరు చూడు, పరాభవట!" అన్నాను. "ఆ పేరుతోనే కదా పుట్టారు, ఇన్నాళ్ళూ ఏం మునిగిపోయింది?" అంది, తలెత్తకుండానే.

అరవై లెక్క ఆకాశంలోది. గురుడు రాశిచక్రం చుట్టి రావడానికి దాదాపు 12 ఏళ్ళు పడుతుంది, శనికి దాదాపు 30. ఇద్దరూ బయల్దేరిన చోటికి ఒక్కసారే చేరాలంటే గురుడు ఐదు చుట్లు, శని రెండు చుట్లు తిరగాలి. అలా 60 ఏళ్ళకు 60 పేర్లు, ప్రభవతో మొదలై అక్షయతో ఆఖరు. ఇప్పుడు నడుస్తున్న చక్రం 1987 ఉగాదికి మొదలైంది, 2047 ఉగాదికి మళ్ళీ ప్రభవ వస్తుంది. ఉత్తరాదివాళ్ళవీ ఈ పేర్లే గానీ, వాళ్ళు గురుడి అసలు నడకను పట్టుకుంటారు. ఆ లెక్కలో ఏడాదికి 361 రోజులే కాబట్టి ఒకే ఏటికి వాళ్ళ పంచాంగంలో ఒక పేరు, మన పంచాంగంలో ఇంకో పేరు ఉంటుంది. మనవాళ్ళు ఆ గొడవ వదిలేసి ఏడాదికొక పేరు చొప్పున వరసగా నడిపించేశారు.

ఇదే మాదిరి లెక్క భూమికి అవతలి వైపున, మెక్సికోలో అజ్టెక్‌లు కట్టారు. మిషను షాపులో బతికినవాణ్ణి కాబట్టి నాకు అది రెండు పళ్ళచక్రాలుగానే కనిపిస్తుంది. చిన్నదానికి 260 పళ్ళు. 20 రోజుల పేర్లను 1 నుంచి 13 దాకా అంకెలతో జత చేస్తే వచ్చే జాతకాల లెక్క అది. పెద్దదానికి 365. ఇరవయ్యేసి రోజుల నెలలు పద్దెనిమిది, ఆపైన ఏ మంచి పనీ పెట్టుకోని ఐదు రోజులు. రెండింటి మీదా సుద్దతో గుర్తు పెట్టి తిప్పితే, ఆ గుర్తులు మళ్ళీ ఎదురుపడేది 18,980 రోజులకు. అంటే సరిగ్గా 52 ఏళ్ళు. అది పూర్తయితే 52 రెల్లు కర్రలు కలిపి మోపు కట్టేవారు. అలాంటి మోపులను రాతిలో చెక్కినవి మెక్సికో నగరంలోని మానవశాస్త్ర మ్యూజియంలో ఉన్నాయి.

మనకు అక్షయ తర్వాత ప్రభవ వస్తుందనడంలో ఎవరికీ అనుమానం లేదు. 2047 ఉగాదికి తెల్లారుతుందా అని ఏ సిద్ధాంతీ నిద్ర మానుకోడు. అజ్టెక్‌లకు ఆ ధీమా లేదు. ఇదివరకే నలుగురు సూర్యులు పుట్టి నాశనమయ్యారనీ, తాము బతుకుతున్నది ఐదో సూర్యుడి కింద అనీ, మోపు కట్టిన రాత్రి ఈయన కూడా ఆగిపోవచ్చనీ వాళ్ళ నమ్మకం.

అందుకని ఆ రాత్రికి ముందు దేశమంతా నిప్పు ఆర్పేసేవారు. గుడిలో గానీ ఇంట్లో గానీ ఒక్క కణిక మిగలకూడదు. ఇలవేల్పుల బొమ్మల్నీ, పొయ్యిరాళ్ళనీ, నూరుకునే రాళ్ళనీ నీళ్ళలో పడేసేవారు. ఇల్లూ వాకిలీ ఊడ్చి పారబోసేవారు. గర్భిణుల మొహానికి కిత్తనార ఆకు ముసుగు కట్టి గాదెల్లో ఉంచేవారు. సూర్యుడు రాకపోతే వాళ్ళు మనుషుల్ని తినే మృగాలైపోతారని భయం. పిల్లలకూ ముసుగులే. కునుకు తీస్తే ఎలుకలైపోతారని తల్లులు వాళ్ళను గిల్లుతూ, కుదుపుతూ మేలుకొలిపి ఉంచేవారు. జనమంతా ఇళ్ళ కప్పులెక్కి విషాచ్‌త్లాన్ అనే కొండకేసి చూస్తూ కూర్చునేవారు.

రాజధాని తెనోచ్‌తిత్లాన్ నుంచి పూజారులు దేవతల వేషాలు వేసుకుని, మెల్లగా అడుగులు వేస్తూ విషాచ్‌త్లాన్ కొండకు నడిచేవారు. అక్కడ చూడాల్సింది ఒక్కటే: ఒక చుక్కల గుంపు నడినెత్తికొచ్చి ఆగిపోతుందా, దాటుతుందా. దాటితే లోకానికి ఇంకో 52 ఏళ్ళు ఆయుష్షు. అప్పుడు ఒక యుద్ధఖైదీ రొమ్ము మీద చెక్క పెట్టి, కర్రతో చిలికి నిప్పు పుట్టించేవారు. నిప్పు అంటుకున్నాక అతని గుండె కోసి ఆ మంటలోనే వేసేవారు. ఆఖరిసారి, 1507లో, ఆ ఖైదీ హుఎషోత్సింకో అనే ఊరివాడు. ఇక్కడికొచ్చేసరికి పుస్తకం మూసేయాలనిపిస్తుంది. నేనూ మూశాను. కానీ మిగతా కథ ఆ మంట కిందికి దిగడంలో ఉంది. పరుగెత్తేవాళ్ళు కాగడాలు ముట్టించుకుని ముందు రాజధానిలోని పెద్దగుడికి, అక్కణ్ణుంచి పూజారుల మఠాలకు, తర్వాత పేటపేటకూ చేరవేసేవారు. పేటలోంచి ప్రతి ఇంటికీ అందేది. ఊయల్లో పసిబిడ్డతో సహా అందరి చెవులకూ గాటు పెట్టి, నెత్తురు మంటవైపు చిమ్మేవారు. తెల్లారాక కొత్త బట్టలు, కొత్త చాపలు, కొత్త పొయ్యిరాళ్ళు. తోటకూర జాతి గింజల పిండిని తేనెతో కలిపి తినడం. ఇదంతా బెర్నార్దినో దె సహగూన్ అనే స్పెయిన్ సన్యాసి, ఓడిపోయిన జనంలోని ముసలివాళ్ళను అడిగి వాళ్ళ భాషలోనే రాయించి పెట్టిన వివరం.

ఆ చుక్కల గుంపు మరేదో కాదు, మన కృత్తికలు. కృత్తికలు నడిరాత్రికి నడినెత్తి మీదికొచ్చేది నవంబరులో. కార్తిక పున్నమి నాడు చంద్రుడు వాటి దగ్గర ఉంటాడు కాబట్టే మన నెలకు ఆ పేరు. శివాలయాల్లో జ్వాలాతోరణం వెలిగించేదీ ఆ రాత్రే. నేను పుట్టిన నెలలో, మా పూరీ గేటు ఫ్లైఓవరు మీద నిలబడి అర్ధరాత్రి తల పూర్తిగా వెనక్కి వాల్చితే ఆ చుక్కలు దాదాపు నడినెత్తి మీద కనిపిస్తాయి. కింద ఒడిశా వైపు పోయే పట్టాలు, అటు ఐఐటీ దీపాలు, మధ్యలో ఈ ఆరేడు చుక్కలు. మెక్సికో పూజారులకూ మనకూ చుట్టరికం ఉందని నేననను. నవంబరులో అర్ధరాత్రి మెలకువగా ఉండి తలెత్తినవాడు ఎవడైనా వాటిని చూసి తీరతాడు, అంతే.

నాకు పట్టుకున్న విషయం వేరే. అందరూ ఖైదీ గుండె దగ్గర ఆగిపోతారు గానీ, ఆర్పిన పొయ్యిల సంగతి ఎవరికీ పట్టదు. గ్యాసు పొయ్యి మీద పెరిగినవాళ్ళకు అది పెద్ద విషయంగా తోచదు కూడా. మా అమ్మ బొగ్గుల కుంపటి వాడిన రోజుల్లో, రాత్రి వంటయ్యాక కణికల మీద బూడిద కప్పేది. తెల్లారి నాలుగింటికి నాన్న డ్యూటీకి లేచేసరికి ఆ నివురు పక్కకు తోసి, రెండు బొగ్గులు వేసి విసనకర్రతో నాలుగు విసుర్లు విసిరితే రాజుకునేది. అగ్గిపుల్ల గీయాల్సిన పనే లేదు. ఎప్పుడైనా ఆరిపోతే గిన్నె పట్టుకుని పక్కింటికి పోయి కణిక తెచ్చుకునేది. అలాంటి ఇంట్లో నిప్పు ఒక్క రాత్రిది కాదు, ఎన్నో నెలలది. దాన్ని తెలిసి తెలిసి నీళ్ళు పోసి చంపమంటే ఆ ఆడవాళ్ళ చేతులు ఎలా ఆడాయో!

పురావస్తు పరిశోధకులు క్రిస్టీనా ఎల్సన్, మైకేల్ స్మిత్ ఈ ఇళ్ళ వైపు నుంచే చూశారు. ఒకేసారి పారేసిన కుండలు, పాత్రలు నిండిన గోతులు మెక్సికోలో కొన్ని చోట్ల బయటపడ్డాయి. కొన్నిటిని 1930ల్లోనే తవ్వారు. వాటన్నిటినీ కలిపి పరిశీలించి 2001లో వాళ్ళు చెప్పిందేమంటే, ఈ ఆచారం అజ్టెక్ సామ్రాజ్యం కంటే ముందుది, రాజధాని అవతల కూడా ఉన్నది. ఇంటింటా జరిగేదాన్ని రాజ్యం తన చేతిలోకి తీసుకుంది. నాకది నిజమనిపిస్తుంది. ప్రతి పొయ్యిలోనూ నిప్పు ఒకే కొండ మీంచి, ఒకే రాజు పేరున రావాలంటే, ఆ రాత్రికి రాజ్యమంతా ఆ కొండ వైపు చేయి చాచాల్సిందే. పైగా ఏడు మార్చే హక్కు కూడా రాజుదే. ఈ పండగ ముందు 'కుందేలు' పేరున్న ఏట వచ్చేదట. 1454 కుందేలు ఏట ఘోరమైన కరువొచ్చింది. ఆ భయంతో మోక్తెసుమ చక్రవర్తి పండగను ఒక ఏడు వాయిదా వేసి, 1507 'రెల్లు' ఏటికి మార్చాడు.

మా భోగికి కొండా లేదు, చక్రవర్తీ లేడు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పనికొచ్చినవాళ్ళు తమతో ఏం తెచ్చుకున్నారో గానీ, ఇదొకటి మాత్రం వదల్లేదు. బెంగాల్ రాష్ట్ర ప్రభుత్వం తెలుగును అధికార భాషల్లో చేర్చాలని నిర్ణయించింది 2020 డిసెంబరులో. మా మంటలకు అంతకు చాలా ముందునుంచే పొగ వస్తోంది. ఏ వీధి మంట ఆ వీధిదే. పెద్దాయన ఎవరో కర్పూరం వెలిగిస్తాడు. పిల్లలు పిడకల దండలు వేస్తారు. విరిగిన చాట, అరిగిన చీపురు, కాలు ఊడిన ముక్కాలిపీట, అన్నీ అందులోకే. మా కుర్రతనంలో పాత చెక్క స్లీపర్లు కూడా వచ్చి పడేవి. ఎక్కడివని ఎవరూ అడిగేవారు కాదు. క్రియోసోటు పట్టిన కర్ర నల్లటి పొగతో కాలుతుంటే ముక్కులు మూసుకుని చలి కాచుకునేవాళ్ళం. పట్టాల కిందికి సిమెంటు స్లీపర్లు వచ్చాక ఆ ముచ్చట తీరిపోయింది. ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి పడేస్తున్నారు. అది భోగీ కాదు, పాడూ కాదు, ఊపిరితిత్తులకు చేటు. మంట అంచున పెద్ద గిన్నెతో నీళ్ళు కాచి ఇంటికి మోసుకుపోయి తలంటు పోసుకుంటాం. అవే రోజుల్లో బెంగాలీ ఇళ్ళల్లో ఖర్జూర బెల్లంతో పిఠాలు చేస్తారు. మా అరిసెలు అటు పోతాయి, వాళ్ళ పిఠాలు ఇటొస్తాయి.

ఏడు తిప్పడంలో బెంగాలీల పద్ధతి నాకు మరీ నచ్చుతుంది. పొయిలా బొయిశాఖ్ నాడు గోల్‌బజార్ దుకాణదారుడు ఎర్ర అట్ట ఖాతా పుస్తకం కొత్తది తెరుస్తాడు. పాత బాకీ తీర్చినవాడికి మిఠాయి పొట్లం, ఒక క్యాలెండరు. పాతది పోవడమంటే అప్పు పోవడమే.

మళ్ళీ మెక్సికో సంగతికొస్తే, 1519లో అక్కడ స్పెయిన్ దండు దిగింది. 1521 ఆగస్టు 13న తెనోచ్‌తిత్లాన్ పడిపోయింది. 1559లో మోపు కట్టాల్సిన ఏడొచ్చింది గానీ, కొండ మీద నిప్పు చిలకడానికి రాజూ లేడు, పూజారులూ లేరు. సూర్యుడు ఏ ఇబ్బందీ లేకుండా వచ్చాడు. ఆ కొండ ఇప్పుడు మెక్సికో నగరంలో ఇస్తపలాపా అనే పేటలో ఉంది. 1833లో అక్కడ కలరా కొట్టింది. బతికి బయటపడ్డందుకు మొక్కుగా 1843 నుంచి ఏటా క్రీస్తు శిలువ కథను ఆడుతున్నారు. గుడ్‌ఫ్రైడే నాడు లక్షల జనం ఆ కొండకే చేరతారు. మా మాతా పూజలో ఘటాలెత్తుకుని, వేపమండలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే ఆడవాళ్ళకు ఈ సంగతి చెబితే, మొక్కు అర్థమవుతుంది, కొండ అర్థమవుతుంది, అమ్మవారు ఏ పేరున వచ్చిందో అదొక్కటే అడుగుతారు.

1507 నుంచి 52 చొప్పున వేసుకుంటూ వస్తే 1559, 1611... అలా 1975. ఆ తర్వాతది 2027. అంటే నేను రిటైరయ్యాక వచ్చే మొదటి భోగి, లెక్క ప్రకారం, అజ్టెక్‌లు పొయ్యిలార్పాల్సిన ఏట పడుతుంది. ఈ మాట మా వీధి కుర్రాళ్ళతో అన్నాను. "అయితే అంకుల్, ఈసారి చందా డబుల్ రాయండి" అన్నారు.