తల్లికి తెలిసేలోపే బిడ్డ వెన్నుకు పునాది

* గర్భం నిర్ధారణయ్యాక మాత్రలు మొదలుపెడితే ఆలస్యమే
* నాలుగు వారాల్లోనే మూసుకునే నాడీనాళం
* భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త బృందం అందించిన ఫోలిక్ యాసిడ్‌తోనే రక్షణ

భీమవరం: నెల తప్పుతుంది. నాలుగు రోజులు చూద్దామనుకుంటారు. మరో పది రోజులకు పరీక్ష చేయించుకుంటారు. ఆ తర్వాత రెండు వారాలకు ఆశా కార్యకర్త ద్వారా ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదవుతుంది. అప్పుడు తొలిసారిగా మాత్రలు చేతికి వస్తాయి. పల్లెల్లోనైనా పట్టణాల్లోనైనా చాలా ఇళ్లలో గర్భిణి సంరక్షణ ఇలాగే ప్రారంభమవుతుంది. ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ కనిపించదు. అయితే గర్భంలో జరిగే నిర్మాణం మన తీరిక కోసం ఆగదు. తొలి మాత్ర చేతికందే సమయానికి బిడ్డ మెదడు, వెన్నుపాములకు మూలమైన నాళం రూపుదిద్దుకోవడం, మూసుకోవడం కూడా పూర్తయిపోతాయి. అది సరిగా మూసుకోకపోతే తర్వాత ఎన్ని మాత్రలు మింగినా ఆ లోపం పూడదు. గర్భిణికి తీసుకోవలసిన జాగ్రత్త గర్భానికి ముందే మొదలు కావాలని వైద్యశాస్త్రం చెప్పడానికి కారణం ఇదే.

అండం నుంచి పిండం దాకా

స్త్రీలో సాధారణంగా నెలకు ఒక అండం విడుదలవుతుంది. తర్వాతి బహిష్టుకు సుమారు 14 రోజుల ముందు ఇది జరుగుతుంది. విడుదలైన అండం ఒక్కరోజుకు మించి జీవించదు. వీర్యకణాలు మాత్రం స్త్రీ శరీరంలో ఐదు రోజుల వరకు సజీవంగా ఉండగలవు. ఫాలోపియన్ నాళంలో అండాన్ని ఒక వీర్యకణం చేరి లోనికి ప్రవేశించినప్పుడు ఫలదీకరణ జరుగుతుంది. తల్లి నుంచి 23, తండ్రి నుంచి 23 క్రోమోజోములు కలిసి 46 క్రోమోజోములతో ఒకే ఒక కణం ఏర్పడుతుంది. రాబోయే మనిషికి ఇదే తొలి రూపం.

ఆ కణం దాదాపు 30 గంటల్లో రెండుగా చీలుతుంది. రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై, విభజన చెందుతూనే ఫాలోపియన్ నాళం గుండా గర్భాశయం వైపు సాగుతుంది. ఐదో రోజుకు లోపల ఖాళీ ఉన్న చిన్న బంతి వంటి కణసముదాయంగా మారుతుంది. ఆరో రోజు మొదలుకొని పదో రోజు లోపు గర్భాశయపు లోపలి పొరను అంటిపెట్టుకుని అందులోకి ఇమిడిపోతుంది. మాయగా మారబోయే కణాలు ఈ దశలోనే ఒక హార్మోను విడుదల చేయడం ప్రారంభిస్తాయి. మూత్ర పరీక్షలో గర్భాన్ని పట్టిచ్చేది ఆ హార్మోనే. అది తగినంతగా పెరిగి పరీక్షలో కనిపించే వేళకు బహిష్టు రావలసిన తేదీ వచ్చేస్తుంది. అంటే అప్పటికే రెండు వారాల ప్రయాణం ముగిసినట్లు.

మూడు, నాలుగు వారాలే కీలకం

మూడో వారంలో పిండం మూడు పొరలుగా ఏర్పడుతుంది. పైపొర నుంచి చర్మం, నాడీమండలం. మధ్యపొర నుంచి ఎముకలు, కండరాలు, గుండె, రక్తనాళాలు. లోపలి పొర నుంచి జీర్ణకోశపు, ఊపిరితిత్తుల లోపలి అస్తరు రూపుదిద్దుకుంటాయి. పైపొర నడుమ ఒక భాగం దళసరి పలకగా మారుతుంది. ఆ పలక నడిమధ్య గాడి పడి, రెండు అంచులూ పైకి లేచి, ఒకదానినొకటి చేరి అతుక్కుంటాయి. తమలపాకును చిలక చుట్టినట్లు చదునుగా ఉన్నది నాళమవుతుంది. ఇదే నాడీనాళం. దాని పైభాగం మెదడుగా, కింది భాగం వెన్నుపాముగా ఎదుగుతాయి.

ఫలదీకరణ జరిగిన 22వ రోజు ప్రాంతంలో గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. నాడీనాళపు తలవైపు కొస 25వ రోజుకు, కింది కొస 28వ రోజుకు మూసుకుంటాయి. అప్పటికి పిండం పొడవు అర సెంటీమీటరు లోపే. తలవైపు కొస మూసుకోకపోతే మెదడు, పుర్రె పైభాగం ఏర్పడవు. అటువంటి శిశువు బతకదు. కింది కొస మూసుకోకపోతే వెన్నెముక చీలికతో బిడ్డ పుడుతుంది. కాళ్లు చచ్చుబడడం, మలమూత్రాలపై అదుపు లేకపోవడం, తలలో నీరు చేరడం వంటి బాధలు దానివల్ల రావచ్చు. పుట్టిన తర్వాత శస్త్రచికిత్స చేసి చీలికను మూయగలిగినా దెబ్బతిన్న నరాలను పూర్వస్థితికి తేవడం సాధ్యపడదు.

లెక్కలో తిరకాసు

వైద్యులు గర్భకాలాన్ని చివరి బహిష్టు మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. ఆ లెక్కన మొత్తం 280 రోజులు. అండం విడుదలయ్యేది సుమారు రెండు వారాల తర్వాత కాబట్టి, నెల తప్పిన రోజుకే గర్భిణి కార్డులో నాలుగు వారాలు పూర్తవుతాయి. నాడీనాళం మూసుకునేది ఆరో వారం ముగిసేసరికి. అంటే నెల తప్పిన తర్వాత మిగిలే గడువు కేవలం 14 రోజులు. బహిష్టు క్రమం తప్పి వచ్చేవారికి ఆ కొద్దిపాటి గడువు కూడా తెలియకుండానే దాటిపోతుంది. పన్నెండు వారాల లోపు నమోదు చేసుకోవాలన్న నిబంధన రక్తపోటు, రక్తహీనత, మధుమేహం వంటివి ముందుగా గుర్తించడానికి ఎంతో మేలు చేస్తుంది. నాడీనాళం విషయంలో మాత్రం ఆ గడువు సరిపోదు.

బొంబాయి మిల్లుల నుంచి లెడర్లీ ప్రయోగశాలకు

కణం విభజన చెందాలంటే ముందుగా తన డీఎన్‌ఏకు మరో ప్రతిని తయారు చేసుకోవాలి. ఆ పనికి ఫోలేట్ అనే బి విటమిన్ తప్పనిసరి. క్షణక్షణం కణాలు పెరిగే తొలి వారాల్లో దాని అవసరం మరీ ఎక్కువ.

ఈ విటమిన్ చరిత్రకు మన దేశంతో దగ్గరి సంబంధం ఉంది. 1928లో బొంబాయి వచ్చిన ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్ అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో తీవ్రమైన రక్తహీనతను పరిశీలించారు. ఈస్ట్ సారం ఇచ్చినప్పుడు వారు కోలుకుంటున్నారని గుర్తించి 1931లో ప్రకటించారు. ఈస్ట్‌లోని ఆ పదార్థమే ఫోలేట్ అని తర్వాత తేలింది.

దానిని కృత్రిమంగా తయారు చేసిన ఘనత 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుకు, ఆయన బృందానికి దక్కుతుంది. పేగులు పోషకాలను గ్రహించలేని స్ప్రూ వ్యాధి ఆయన సోదరులను బలిగొంది. ఆ వ్యాధిని నయం చేయగల పదార్థం కోసం సాగిన అన్వేషణ అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫలించి, 1945లో ఫోలిక్ యాసిడ్ సంశ్లేషణ వెలుగుచూసింది. ఫోలేట్ పనిని అడ్డుకునే మందులు కూడా అదే ప్రయోగశాలలో రూపొందాయి. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు వాటితో తాత్కాలిక ఉపశమనం కలిగించి చూపారు. ఫోలేట్ అందకపోతే కణ విభజన నిలిచిపోతుందనడానికి ఇంతకు మించిన నిదర్శనం లేదు. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు నేటికీ వాడుతున్నారు. అది వాడుతున్న మహిళలు గర్భధారణకు ముందే వైద్యుని సంప్రదించాలనడంలోని అంతరార్థం కూడా ఇదే.

సుబ్బారావు 1948 ఆగస్టులో కన్నుమూశారు. ఆయన బృందం అందించిన మాత్ర పుట్టబోయే బిడ్డల వెన్నును కాపాడగలదని నిర్ద్వంద్వంగా రుజువైంది 1991లో. ఏడు దేశాల్లో, అంతకుముందు నాడీనాళ లోపంతో బిడ్డను కన్న మహిళలపై జరిగిన ఆ పరిశీలనలో, గర్భధారణకు ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వాడినవారిలో ఆ లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గింది. 1998 నుంచి అమెరికాలో ధాన్యపు పిండిలో దీనిని కలపడం తప్పనిసరి చేశారు.

ఎవరికి ఎంత?

గర్భం ధరించే అవకాశమున్న మహిళకు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ అవసరం. గర్భధారణకు కనీసం నెల ముందు, వీలైతే మూడు నెలల ముందు ప్రారంభించి, పన్నెండో వారం వరకు కొనసాగించాలి. ఇంతకుముందు నాడీనాళ లోపంతో బిడ్డ పుట్టి ఉంటే మోతాదు పదిరెట్లు, అంటే 4 మిల్లీగ్రాములు అవసరమవుతుంది. మధుమేహం ఉన్నవారు, మూర్ఛకు మందులు వాడేవారు కూడా మోతాదును వైద్యునితో నిర్ణయించుకోవాలి. మూర్ఛ మందును సొంతంగా మానేయడం ప్రమాదకరం.

కౌమార బాలికలకు పాఠశాలల్లో, అంగన్‌వాడీల్లో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. దాని ముఖ్యోద్దేశం రక్తహీనత నివారణ. గర్భధారణకు సిద్ధపడేవారికి రోజువారీ మాత్రకు అది ప్రత్యామ్నాయం కాదు.

తోటకూర, పాలకూర, మెంతికూర, పెసలు, శనగలు, వేరుశనగలలో ఫోలేట్ సమృద్ధిగా లభిస్తుంది. ఆకుకూరను తరిగిన తర్వాత కడగడం, ఉడికించి నీరు పారబోయడం వల్ల అందులో చాలా భాగం నష్టపోతుంది. కడిగిన తర్వాతే తరగాలి. మంచి ఆహారం తీసుకుంటున్నా ఈ దశలో మాత్ర కూడా అవసరమే.

నింద ఎవరిపైనా వద్దు

నాడీనాళ లోపాలన్నీ ఫోలిక్ యాసిడ్‌తో ఆగవు. వాటికి జన్యు కారణాలు కూడా ఉన్నాయి. కనుక అటువంటి బిడ్డ పుడితే కోడలు సరిగా తినలేదనో, గ్రహణం నాడు బయట తిరిగిందనో నిందించడం అన్యాయం. ఆడపిల్ల పుట్టిందని తల్లిని దూషించడం కూడా అంతే అర్థరహితం. అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. వీర్యకణంలో ఎక్స్ ఉంటే ఆడపిల్ల, వై ఉంటే మగపిల్లవాడు. ఫలదీకరణ క్షణంలోనే తేలిపోయే ఆ విషయంలో తల్లి ప్రమేయం లేదు.

పిండంలోని ప్రధాన అవయవాలన్నిటికీ ఎనిమిదో వారం ముగిసేసరికి పునాది పడుతుంది. అప్పటికి దాని పొడవు సుమారు మూడు సెంటీమీటర్లు. తర్వాతి నెలలన్నీ ప్రధానంగా ఎదుగుదలకే. అయిదో నెలలో చేసే స్కానింగ్ లోపాన్ని చూపగలదే గాని సరిదిద్దలేదు. పెళ్లికి నెలల ముందే నగలు, చీరలు, మండపం గురించి ఆలోచించే కుటుంబాలు ఆ జాబితాలో కొద్ది రూపాయల విలువైన ఈ మాత్రను కూడా చేర్చుకోవాలి. నెల తప్పేదాకా ఎదురుచూస్తే మిగిలే గడువు రెండు వారాలే.