ల్యాప్‌టాప్ టిప్స్: ఆన్ చేసిన ప్రతిసారీ పాత తేదీనే చూపిస్తోందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇది చూసుకోండి

ఆన్‌లైన్ అప్లికేషన్‌కు అదే ఆఖరి రోజు. బీరువాలో ఉన్న పాత ల్యాప్‌టాప్ తీసి, చార్జర్ పెట్టి ఆన్ చేశారు. వైఫై కనెక్ట్ అయింది. బ్రౌజర్ కూడా ఓపెన్ అయింది. కానీ ఏ సైట్ కొట్టినా కనెక్షన్ సురక్షితం కాదంటూ హెచ్చరికే వస్తోంది. తీరా చూస్తే స్క్రీన్ మూలన తేదీ 2012 జనవరి 1 అని ఉంది. దాన్ని సరిచేస్తే ఆ పూటకు పని జరిగిపోతుంది. మర్నాడు ఆన్ చేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

ఇలా జరిగితే చాలామంది వైరస్ అనుకుంటారు. ఇంకొందరు విండోస్ పాడైందని ఫార్మాట్ కొట్టిస్తారు. దాంతో లోపల ఉన్న ఫొటోలు, సర్టిఫికెట్లు పోతాయి కానీ సమస్య మాత్రం పోదు. ఎందుకంటే చాలాసార్లు అసలు లోపం విండోస్‌లో ఉండదు. మదర్‌బోర్డు మీదున్న రూపాయి బిళ్లంత చిన్న సెల్‌లో ఉంటుంది.

ల్యాప్‌టాప్ ఆఫ్‌లో ఉన్నా తిరిగే గడియారం

ప్రతి కంప్యూటర్ మదర్‌బోర్డు మీద ఓ చిన్న గడియారం ఉంటుంది. దీన్ని రియల్ టైమ్ క్లాక్, పొట్టిగా ఆర్‌టీసీ అంటారు. మనం ఎక్కే బస్సుకు దీనికి సంబంధం లేదు లెండి. ఇందులో ఉండే క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ లెక్కతోనే సెకన్లు, నిమిషాలు, తేదీలు ముందుకు కదులుతాయి. చేతి వాచీల్లోనూ ఇదే పద్ధతి.

1981లో వచ్చిన మొదటి ఐబీఎం పీసీలో ఈ ఏర్పాటు లేదు. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ, టైమ్ మనమే కొట్టాల్సి వచ్చేది. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీతో బ్యాటరీ మీద నడిచే గడియారం మదర్‌బోర్డు మీదకు వచ్చింది. గడియారంతో పాటు బయోస్ సెట్టింగ్స్ దాచుకునే చిన్న మెమొరీ కూడా ఆ బ్యాటరీ మీదే ఆధారపడింది. ఆ మెమొరీ పేరే సీమాస్. అందుకే దీన్ని ఇప్పటికీ సీమాస్ బ్యాటరీ అంటున్నారు.

పాత ల్యాప్‌టాప్‌లలో ఈ సెల్ అయిపోతే టైమ్‌తో పాటు బయోస్ సెట్టింగ్స్ కూడా పోతాయి. కొత్త మోడళ్లలో సెట్టింగ్స్ చాలావరకు కరెంట్ లేకున్నా నిలిచే ఫ్లాష్ చిప్‌లో ఉంటాయి కాబట్టి ఎక్కువగా టైమ్ ఒక్కటే పోతుంది. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో అయితే ఈ సెల్ అసలు ఉండదు. మెయిన్ బ్యాటరీయే గడియారాన్ని నడుపుతుంది.

పాత ల్యాప్‌టాప్‌లకే ఎందుకు వస్తుంది?

చార్జర్ పెట్టి ఉన్నా, మెయిన్ బ్యాటరీలో చార్జింగ్ ఉన్నా చాలా మోడళ్లలో ఈ చిన్న సెల్ మీద భారం పడదు. అవి రెండూ లేనప్పుడే దానికి పని. మెయిన్ బ్యాటరీ చచ్చిపోయి, కేవలం చార్జర్ మీద నడిపే ల్యాప్‌టాప్‌లలో ప్లగ్ తీసిన ప్రతిసారీ గడియారం బరువంతా ఈ సెల్ మీదే పడుతుంది. నెలల తరబడి బీరువాలో పడి ఉన్న వాటి పరిస్థితీ అంతే.

టైమ్ తప్పితే సైట్లు ఎందుకు ఓపెన్ కావు?

బ్యాంకు సైట్ అయినా, ప్రభుత్వ పోర్టల్ అయినా తాను అసలైనదే అని చూపించడానికి ఒక డిజిటల్ సర్టిఫికెట్ పంపుతుంది. అది ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో అందులోనే ఉంటుంది. మీ ల్యాప్‌టాప్ ఇంకా 2012లోనే ఉంటే, దాని లెక్కలో ఆ సర్టిఫికెట్ చెల్లుబాటు ఇంకా మొదలే కాలేదు. అందుకే బ్రౌజర్ అడ్డం పడుతుంది. ఈ హెచ్చరికను దాటేసి పాస్‌వర్డ్ కొట్టడం మంచిది కాదు. ముందు తేదీ సరిచేసి, పేజీని మళ్లీ ఓపెన్ చేయాలి.

ముందు ఈ టెస్ట్ చేయండి

లోపం సెల్‌లోనే ఉందా లేదా అన్నది ఒక్క రాత్రిలో తేలిపోతుంది.

1. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే బయోస్ లోకి వెళ్లండి. కంపెనీని బట్టి ఎఫ్2, ఎఫ్10, ఎస్కేప్, డిలీట్ కీలలో ఏదో ఒకటి పనిచేస్తుంది.
2. అక్కడ తేదీ, టైమ్ సరిచేసి సేవ్ చేయండి.
3. పూర్తిగా ఆఫ్ చేసి చార్జర్ తీసేయండి. మెయిన్ బ్యాటరీ బయటకు వచ్చే రకమైతే అదీ తీసి రాత్రంతా ఉంచండి.
4. తెల్లారి ఆన్ చేసి, విండోస్ లోకి వెళ్లకుండా నేరుగా బయోస్‌లోనే టైమ్ చూడండి.

అక్కడ మళ్లీ పాత తేదీ కనిపిస్తే సెల్ అయిపోయినట్లే. విండోస్ లోకి వెళ్లాక చూస్తే లాభం లేదు. ఇంటర్నెట్ నుంచి టైమ్ తెచ్చుకుని విండోస్ ఆ తప్పును కప్పేస్తుంది. ఆన్ చేయగానే 'సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్' లేదా 'టైమ్ ఆఫ్ డే నాట్ సెట్' అని వచ్చినా అనుమానం సెల్ మీదకే పోతుంది. థింక్‌ప్యాడ్‌లలో తేదీ, టైమ్ సరిచూసుకోమంటూ 0271 నంబర్‌తో మెసేజ్ వస్తుంది.

సరిగ్గా ఐదున్నర గంటల తేడా ఉంటే..

తేదీ ఏళ్ల వెనక్కి పోకుండా, టైమ్ సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు వెనకబడితే మాత్రం సెల్ జోలికి వెళ్లొద్దు. మన టైమ్ అంతర్జాతీయ ప్రామాణిక సమయం కంటే సరిగ్గా అంతే ముందుంటుంది. అంటే టైమ్ జోన్ తప్పుగా ఉందన్నమాట. సెట్టింగ్స్‌లో టైమ్ జోన్‌ను చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీకి మారిస్తే సరిపోతుంది. ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు రెండూ ఉన్నా ఇదే తేడా వస్తుంది. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ ప్రామాణిక సమయం రాస్తే, విండోస్ దాన్నే స్థానిక సమయం అనుకుంటుంది.

అసలు ప్రమాదం సెట్టింగ్స్ పోవడంలోనే

టైమ్ పోతే మళ్లీ పెట్టుకోవచ్చు. సెట్టింగ్స్ మొదటికి వస్తేనే కంగారు. హార్డ్ డిస్క్ నడిచే పద్ధతి, బూట్ పద్ధతి మారిపోయి 'బూట్ డివైస్ నాట్ ఫౌండ్' అనో, నీలం స్క్రీనో వస్తుంది. డిస్క్ పోయిందని, మళ్లీ విండోస్ వేయాలని ఎవరైనా చెబితే వెంటనే ఒప్పుకోవద్దు. డిస్క్ బాగానే ఉండి, బయోస్‌లో ఒక్క ఆప్షన్ మారి ఉండొచ్చు. అందుకే ల్యాప్‌టాప్ బాగా పనిచేస్తున్నప్పుడే బయోస్ పేజీలన్నీ ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోవాలి.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. బిట్‌లాకర్ ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌లు బయోస్ సెట్టింగ్స్ మారితే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది లేకపోతే డేటా చేతికి రాదు. చాలామందికి ఈ కీ వాళ్ల మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే ఉంటుంది. సెల్ మార్చే ముందే దాన్ని చూసి రాసి పెట్టుకోవాలి.

సెల్ మార్చేటప్పుడు..

ఎక్కువ మోడళ్లలో ఉండేది సీఆర్2032 సెల్. 3 వోల్టులు, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. అంటే ఆ నంబర్‌లోనే సైజు ఉంది. ధర పదుల రూపాయల్లోనే. అయితే చాలా ల్యాప్‌టాప్‌లలో ఇది ప్లాస్టిక్ తొడుగులో, రెండు వైర్లు, కనెక్టర్‌తో వస్తుంది. అలాంటప్పుడు అదే మోడల్‌కు సరిపోయే వైర్ల సెల్ కొనాలి. మామూలు సెల్‌కు ఇంట్లో వైర్లు టంకం పెట్టొద్దు.

పాత సెల్ మీద ఏముందో కచ్చితంగా చదవండి. సీఆర్ బదులు ఎంఎల్ అనో, వీఎల్ అనో ఉంటే అది రీచార్జబుల్ రకం. దాని స్థానంలో సీఆర్ సెల్ పెట్టకూడదు. సీఆర్ రకాన్ని చార్జ్ చేస్తే కారిపోయే, పగిలిపోయే ప్రమాదం ఉంది.

మార్చే ముందు షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయాలి. చార్జర్ తీసి, మెయిన్ బ్యాటరీ కనెక్షన్ కూడా తీయాలి. పవర్ బటన్‌ను ఓ 15 సెకన్లు నొక్కి ఉంచాలి. కొన్ని మోడళ్లలో సెల్ కింది మూత తీయగానే కనిపిస్తుంది. కొన్నింట్లో కీబోర్డ్ కింద దాగి ఉంటుంది. అంతా విప్పాల్సి వస్తే మెకానిక్‌కు ఇవ్వడమే మేలు. కానీ 'సీమాస్ సెల్ ఒక్కటే మార్చండి, ఫార్మాట్ చేయొద్దు' అని ముందే స్పష్టంగా చెప్పాలి.

కొత్త సెల్ వేశాక బయోస్‌లో టైమ్ పెట్టి, ఫొటోలు చూస్తూ పాత సెట్టింగ్స్ తిరిగి పెట్టాలి. తర్వాత విండోస్‌లో డేట్ అండ్ టైమ్ పేజీకి వెళ్లి సింక్ నౌ నొక్కితే చాలు.

మార్చినా తగ్గకపోతే?

కొత్త సెల్ కొద్ది వారాల్లోనే అయిపోతే తప్పు సెల్‌ది కాదు. కనెక్టర్ వదులుగా ఉండొచ్చు, తుప్పు పట్టి ఉండొచ్చు. లేదా మదర్‌బోర్డు ఎక్కడో కరెంట్‌ను లాగేస్తూ ఉండొచ్చు. అప్పుడే పెద్ద రిపేర్ గురించి ఆలోచించాలి.

తీసేసిన సెల్‌ను టేబుల్ మీద వదిలేయొద్దు. చిన్న పిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే అన్నవాహికను తీవ్రంగా కాల్చేయగలదు. అలా జరిగితే ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పాత సెల్‌కు రెండు వైపులా టేప్ అంటించి ఈ-వేస్ట్‌లోనే వేయాలి.