తలుపు వెనక పాట

రేలంగి హీరో, అంజలీదేవి హీరోయిన్ అంటే మా పిల్లలు నమ్మరు. "రేలంగి కమెడియన్ కదా!" అంటారు. కమెడియనే, కాదన్నదెవరు? అయినా 1953లో సి. పుల్లయ్యగారు ఆయన్నే కథానాయకుడిగా పెట్టి "పక్కయింటి అమ్మాయి" అనే సినిమా తీశారు. మా ఇంట్లో ఆ సినిమా పేరెత్తితే చాలు, ఎనభై దాటిన మా అమ్మ ఇప్పటికీ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. అదెందుకో తెలియాలంటే ముందు సినిమా సంగతి చెప్పాలి.

ఒక అబ్బాయికి పక్కయింటి అమ్మాయి మీద మనసవుతుంది. ఆ పిల్లకు సంగీతమంటే ప్రాణం. ఇతగాడికా, సరిగమలు కూడా రావు. పైగా ఆమెకు పాఠం చెప్పే సంగీతం మాస్టారొకాయన అడ్డం. అయితే అబ్బాయికి చక్కగా పాడే స్నేహితుడొకడున్నాడు. అతను చాటున కూర్చుని పాడుతుంటే, ఇతను కిటికీ దగ్గర నిలబడి పెదవులు ఆడిస్తాడు. పిల్ల ఆ గొంతు ఇతనిదే అనుకుంటుంది. ఇక చూసుకోండి!

ఆ పాడే స్నేహితుడు ఏ. ఎం. రాజా. తర్వాత రెండేళ్లకు "మిస్సమ్మ"లో రామారావుకు పాడిన రాజాయే. నలుగురికీ తెరవెనక పాడే మనిషి తెరమీదికి వచ్చి, అక్కడా చాటునే కూర్చుని పాడాడన్నమాట. ఇంకో తమాషా ఏమిటంటే, రేలంగికి పాట రాకపోలేదు. 1951లో వచ్చిన "పాతాళభైరవి"లో రాజుగారి బావమరిది వేషం వేసి తన పాట తానే పాడుకున్నాడు. అలాంటివాడు పాట రానివాడిగా నటించాడు. రామారావు, నాగేశ్వరరావు ఘంటసాల గొంతుతో పాడితే చేతులు తట్టిన మనమే, అదే పని రేలంగి చేస్తే మోసమని నవ్వాం.

"ఇది హిందీ పడోసన్‌కి కాపీయా?" అని మొన్న ఒకాయన అడిగాడు. నాకు ఒళ్లు మండింది. పడోసన్ వచ్చింది 1968లో. మనది దానికి పదిహేనేళ్లు పెద్ద. అసలు మూలం బెంగాలీ. సలీల్ చౌదరి సంగీతంతో 1952లో వచ్చిన "పాషేర్ బాడీ". తర్వాత అంజలీదేవి తన సొంత సంస్థ మీద, భర్త ఆదినారాయణరావుగారి సంగీతంతో 1960లో దాన్ని అరవంలో తీసి, మళ్లీ తానే పక్కయింటి అమ్మాయి అయింది. తెలుగులో 1981లో చంద్రమోహన్, జయసుధలతో ఇంకోసారి వచ్చింది. లవకుశలో సీతమ్మగా ఆమెకు దండం పెట్టినవాళ్లు ఈ కిటికీ పిల్లను కూడా ఒకసారి చూడాలి.

ఇక మా ఇంటి సంగతి. 1959లో జనగామలో మా అమ్మకు పెళ్లిచూపులు. మానుకోట నుంచి, అంటే మహబూబాబాద్ నుంచి, మా బాపు, తాతయ్య, నాయనమ్మ, ఇద్దరు పెద్దమనుషులు రైల్లో వచ్చారు. అప్పట్లో జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ వరంగల్ జిల్లాయే. 2016లో మూడూ మూడు జిల్లాలయ్యాయి. పిల్ల పాట పాడాలన్నది నాయనమ్మ పట్టు. అమ్మకు హార్మోనియం మెట్లు వచ్చు. గొంతు మాత్రం, ఆమె మాటల్లోనే, "బిందె రాయికి తాకినట్టు". ఆమె చెల్లెలికి, మా చిన్నమ్మకు, పద్నాలుగేళ్లు. గొంతు తేనె.

ఉపాయం అమ్మమ్మది. వంటింటి గుమ్మం పక్కన చాప వేసి అమ్మను హార్మోనియంతో కూర్చోబెట్టింది. పెళ్లికూతురు తల వంచుకోవడం మర్యాద కనుక పెదవులు ఎవరికీ కనపడలేదు. ఓరగా వేసిన తలుపు వెనక నిలబడి చిన్నమ్మ ఒక రామదాసు కీర్తన పాడింది. నాయనమ్మ అక్కడికక్కడే ఖాయం చేసింది.

మానుకోట వచ్చాక అమ్మకు కష్టాలు మొదలయ్యాయి. "కోడలా, ఒక్క కీర్తన పాడు" అంటే జలుబు అనేది. మరోనాడు గొంతునొప్పి. తెలిస్తే పుట్టింటికి పంపేస్తారని భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, వాళ్ల వాడలోనే ఒక పిల్లను పెళ్లయిన మూడో నెలలో అలా దింపిపోయారట.

ఏడాది తిరిగేసరికి ఊళ్లోకి డేరా టాకీసు వచ్చింది. ఆడిన సినిమా "పక్కయింటి అమ్మాయి". ఇంటిల్లిపాదీ వెళ్లారు. రేలంగి కిటికీ దగ్గర నోరు తెరవగానే డేరా అంతా పకపక నవ్వింది. నాయనమ్మ కళ్ల వెంట నీళ్లు వచ్చేట్టు నవ్వింది. అమ్మకు చెమటలు. మోసం బయటపడే ఘట్టం రాకముందే తలనొప్పి అని తల పట్టుకుంది.

ఆ రాత్రి బాపుకు అంతా చెప్పేసి ఏడ్చింది.

"నాకు ఆనాడే ఎర్క" అన్నాడట బాపు. "పాట అయిపోయినంక తలుపెన్క ఎవలో దగ్గిన్రు. నువ్వు దగ్గలే."

"మరెందుకు ఒప్పుకున్నరు?"

"హార్మోని వాయించింది నువ్వే గద!"

నాయనమ్మకు మాత్రం చెప్పవద్దన్నాడు. అటు తర్వాత ఒక విషజ్వరం వస్తే, దాంతో గొంతు పోయిందని ఇద్దరూ కలిసి నమ్మించారు. నాయనమ్మ పోయేదాకా అదే నమ్మింది. బాపు తెలివిని మెచ్చుకుంటూనే పెరిగాం మేము.

చిన్నమ్మ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. ఆమె పెళ్లిచూపులకు మానుకోట వాళ్లూ వస్తారు కనుక, గొంతు గుర్తుపడతారని అమ్మమ్మ ఆమెను పాడనివ్వలేదట. పెళ్లిలో మంగళహారతి కూడా వేరేవాళ్లే పాడారు. అక్క ఇంటికి వచ్చినప్పుడల్లా నోరు కట్టుకుని కూర్చునేది. నాయనమ్మ బతికి ఉన్నన్నాళ్లూ, అంటే ఇరవై రెండేళ్లు. ఆ తర్వాత పాడమన్నా పాడలేదు.

పోయిన ఏడాది భూపాలపల్లిలో ఇది తెలిసింది. తమ్ముడు సింగరేణిలో పని చేసి అక్కడే ఇల్లు కట్టుకున్నాడు, అమ్మ వాడి దగ్గరే ఉంటుంది. జనగామ నుంచి చిన్నమ్మ వచ్చింది. తమ్ముడు ఫోనులో ఆ సినిమా పాటలు వెతికి పెట్టాడు. రాజా గొంతు వినగానే అమ్మ మామూలుగా చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చిన్నమ్మ నవ్వలేదు.

"పెదవులాడిచ్చినోని కథే అందరు చెప్తరు" అంది. "పాడినోని సంగతి ఎవలన్న అడిగిన్రా?"

గదిలో ఎవరం మాట్లాడలేదు. కాసేపటికి అమ్మ, "తప్పు నాదే, చెల్లె. ఆ కీర్తన పాడవా?" అంది.

"ఇప్పుడేం గొంతున్నది నాకు?"

"నాకెన్నడున్నది?"

చిన్నమ్మ అప్పుడు నవ్వింది. గోడకు ఆనుకుని మెల్లగా ఎత్తుకుంది. గొంతు వణికింది, రెండు చోట్ల ఊపిరి చాలలేదు. అమ్మ మంచం పట్టె మీద హార్మోనియం మెట్లు నొక్కుతూ, పెదవులు ఆడిస్తూనే ఉంది.