మీకు తెలుసా? తోటసాళ్లలో విత్తనరక్షణ, వయ్యారిభామ

చిన్నరసములకును, పెద్దరసములకును పేరుగాంచిన నూజివీడు సీమలో, లేత మామిడితోటల సాళ్ల నడుమ కూరపాదులు పెట్టి, వానినుండి అపురూపమైన విత్తనమును దాచుకొనదలచినవారు మొదట గ్రహింపవలసినది యొకటి కలదు: చిక్కుడు తన పూవులోని పుప్పొడితోనే కాయకట్టునది గనుక దాని గింజ చాలవరకు తల్లిగుణమును నిలుపుకొనును, సొర, బీర, పొట్లలందో ఆడుపూవును మగపూవును వేరుగానుండి, పుప్పొడిని కీటకములు మోయుటచేత, రెండు సొరరకములు చేరువనున్నచో సంకరవిత్తనము పుట్టును. విచ్చుకొనకముందే ఆడుమొగ్గకును మగమొగ్గకును గుడ్డసంచి కట్టి, విచ్చిన పిమ్మట పుప్పొడిని చేతితో నద్ది, ఆడుపూవును మరల కప్పి, ఆ కాయను తీగమీదనే ముదరనిచ్చినచో రకము చెడదు. ఆగాకరలో ఆడుతీగ వేరు, మగతీగ వేరు. గింజమొలక ఆడుదో మగదో పూచువరకు తెలియదు గావున దుంప నాటుటయే మేలు. ఇట్లు కాపాడిన విత్తనమును దాచుకొనుటకును, ఇచ్చిపుచ్చుకొనుటకును 2001 నాటి సస్యరకముల పరిరక్షణ, రైతుహక్కుల చట్టము రైతునకు అధికారమిచ్చినది. ఇది మనవారందరు ఎరుగవలసిన హక్కు.

ఇక ఆ సాళ్లలోనే మొలచు వయ్యారిభామ మాట. అమెరికా ఉష్ణమండలమున పుట్టి, 1950వ దశకమున పుణె పరిసరములలో కనబడినది మొదలు దేశమంతట ప్రాకిన ఈ కలుపు, ఒక్కొక్క మొక్కకు వేలకొలది గింజలు రాల్చును. దాని స్పర్శ చర్మమునకును, పుప్పొడి శ్వాసకును బాధాకరము. పూతకు రాకముందే, నేల తడిసియున్నప్పుడు, చేతులకు తొడుగులు ధరించి వేరుతో పెరుకవలెను. గింజపట్టినదానిని పెంటకుప్పలో వేయరాదు. ఎరువుతోబాటు గింజలును మడికి చేరును. దీని ఆకులను తిను మెక్సికో పెంకుపురుగును 1980వ దశకమున బెంగుళూరులో విడిచిరి. వానకాలమున అది చురుకుగా మేయును గాని, వేసవిలో మట్టిలో దాగియుండును.